కళింగపట్నం ఇసుకలో ఒమేగా సెంటారీ కోసం

గురువారం, విజయనగరం నుంచి కళింగపట్నం

లద్దాఖ్‌లోని హాన్లే వెళ్ళి ఆకాశం ఫొటోలు తీసుకొచ్చినవాళ్ళని చూస్తే ఇదివరకు కుళ్ళుగా ఉండేది, ఇప్పుడు లేదు. అక్కడి చీకటి, అక్కడి పొడిగాలి మనకి రావు, ఒప్పుకుంటాను. కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఒమేగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం అక్కడ ఎంత లేచినా దిగంతం మీద పది డిగ్రీలు దాటదు, దక్షిణాన కొండ అడ్డమొస్తే ఆ కాస్తా పోయినట్టే. అదే శ్రీకాకుళం తీరంలో నిలబడితే 24 డిగ్రీల ఎత్తుకి వస్తుంది, దక్షిణంగా చూస్తే ఎదురుగా బంగాళాఖాతమే, ఒక ఊరు లేదు, ఒక వీధిలైటు లేదు. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు పది డిగ్రీలు, అంటే నీళ్ళ మీద రెండున్నర పిడికిళ్ళ ఎత్తున్నమాట. పెరట్లో ఇంత పెట్టుకుని హిమాలయాలెక్కడం ఎందుకని, మార్చి చివర్లో కొత్త అమావాస్య ముందు చీకటి రాత్రులు చూసుకుని బయల్దేరాం.

బయల్దేరింది నేను, బావ, మేనకోడలు. ఒంటిపూట బడులే కదా, రెండు పూటలు ఎగ్గొడితే కొంపలేం మునగవని అది వాళ్ళమ్మని ఒప్పించేసుకుంది. అక్క పెట్టిన షరతు ఒకటే, ఆదివారం ఉగాది, పొద్దున్న తొమ్మిదికల్లా ఇంట్లో ఉండాలి, వచ్చేటప్పుడు దారిలో వేపపువ్వు కోసుకురావాలి. బావకి నక్షత్రాల మీద పెద్ద ఆసక్తి లేదు, కారు నడపడం ఇష్టం, భీమిలి దాటాక ఎక్కడ తిన్నా చేపల పులుసు బాగుంటుందని గట్టి నమ్మకం. అది చాలు.

8 అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ టెలిస్కోపు, దిమ్మ మీద పెట్టి చేత్తో తిప్పే రకం, అంటే గొట్టం నాలుగడుగులు ఉంటుంది, దాన్ని వెనక సీట్లో పడుకోబెట్టి సీటుబెల్టు పెడితే మేనకోడలికి మిగిలింది కిటికీ వైపు జానెడు చోటు. దిమ్మ డిక్కీలో. దాంతో పాటు ఒక ప్లైవుడ్ చెక్క, ఇది చాలా ముఖ్యం, ఇసుకలో దిమ్మ నేరుగా పెడితే ఒక పక్కకి దిగబడిపోతూనే ఉంటుంది. ఒక 10×50 బైనాక్యులర్, ఎర్ర జిలుగు కాగితం చుట్టిన టార్చి, పాత తువ్వాళ్ళు రెండు.

రణస్థలం దాటాక బావ అడిగాడు, "ఒరే, మనవైపు ఇదివరకు ఎవరికైనా ఈ పిచ్చి ఉండేదా, లేకపోతే నీతోనే మొదలా?" అని. లేకేం. 1840లోనే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టుకున్నారు, అంతకుముందు మద్రాసు అబ్జర్వేటరీలో టేలర్ దొర దగ్గర పని నేర్చుకున్నాయన. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దాన్ని నడిపించారు, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం అక్కడ్నుంచే చూశారు. మన జమీందార్లంటే ఏనుగులు, నాట్యాలు, కోర్టు దావాలు అని కథలు చెబుతాం గానీ ఈ మావా అల్లుళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. బావ కాసేపు ఆలోచించి, "ఆళ్ళకి డబ్బులున్నాయి రా" అన్నాడు.

అరసవల్లిలో దర్శనానికి ఆగాం. సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే రోజులు మార్చి రెండో వారం మొదట్లో ఒకసారి, అక్టోబరు మొదట్లో ఒకసారి వస్తాయని అందరికీ తెలుసు. ఈ రెండు తేదీలే ఎందుకో మేనకోడలికి చెబుతూ క్యూలో నిలబడ్డాను. మార్చి 20 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు, సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో మళ్ళీ అలాగే. మొదటిదానికి పది రోజుల ముందు, రెండోదానికి పది రోజుల తర్వాత సూర్యుడు తూర్పుకి ఒకే అంత దక్షిణంగా పొడుస్తాడు, నాలుగు డిగ్రీలు. అందుకే గుడి వాకిలిలోంచి వెలుగు లోపలికి పోయే దారి రెండుసార్లూ ఒకటే అవుతుంది. ఆ కట్టినవాడెవడో ఎన్ని పొద్దుపొడుపులు కాపలా కాసుంటాడో. మా వెనకున్న ఆవిడ మొత్తం విని, "ఇంతకీ ఇయ్యేళ పడతయ్యా బాబూ?" అంది. పడవు, మేము రెండు వారాలు ఆలస్యం.

గార మీదుగా కళింగపట్నం చేరేసరికి పొద్దు వాలుతోంది. బావ స్నేహితుడి అత్తవారిల్లు అక్కడికి దగ్గర్లోని పల్లెలో ఉంది, రెండు రాత్రులు వాళ్ళ అరుగే మా లాడ్జి. నెత్తళ్ళ వేపుడు, పప్పుచారు. బావ జీవితం ధన్యమైపోయింది.

రాత్రి మాత్రం తేలిపోయింది. బీచ్ దగ్గర కుర్చీలు, విగ్రహాలు ఉన్న వైపు లైట్లు దండిగా వేశారు, సందర్శకులకి అవి కావాలి, కాదనను, కానీ కళ్ళు చీకటికి అలవాటు పడాలంటే ఇరవై నిమిషాలు పడుతుంది, చెడడానికి ఒక్క సెల్‌ఫోను చాలు. ఆ పైన లైట్‌హౌస్. కాస్త దూరం నడిచి నైరుతి వైపు చూస్తే అగస్త్య నక్షత్రం నిదానంగా కిందికి దిగుతోంది, పదిన్నరలోపే అస్తమించింది. ఇక ఒమేగా సెంటారీ లేచి పైకి రావాలి. అది ఎనిమిదిన్నరకే ఉదయిస్తుంది గానీ నీళ్ళ మీద ఆవిరి పొర దాటి బయటపడడానికి ఇంకో గంటన్నర కావాలి. అది బయటపడే వేళకి సముద్రం మీద మబ్బు పొర ఒకటి లేచి దక్షిణమంతా కప్పేసింది. నెత్తి మీద సింహరాశి తళతళ మెరుస్తోంది, మాకు కావాల్సిన చోట మాత్రం మసక.

ఇలాంటప్పుడు ఎడ్మండ్ హేలీని తల్చుకుంటాను. తోకచుక్క హేలీనే. ఇరవై ఏళ్ళకే ఆక్స్‌ఫర్డ్ చదువు మధ్యలో వదిలేసి, దక్షిణాకాశం పట్టీ రాస్తానని ఓడెక్కి అట్లాంటిక్ మధ్యలో సెయింట్ హెలీనా దీవికెళ్ళాడు. వెళ్ళాక తెలిసింది, ఆ దీవి మీద మబ్బు వదలదని. అయినా ఏడాది పైన పడిగాపులు కాసి 341 నక్షత్రాల పట్టీతో తిరిగొచ్చాడు. ప్రాచీన ఖగోళజ్ఞుడు టాలెమీ కాలం నుంచి అందరూ ఒక మామూలు చుక్క అనుకున్నదాన్ని, 1603లో బేయర్ తన నక్షత్ర పటంలో ఒమేగా అని అక్షరం కూడా తగిలించినదాన్ని, ఇది చుక్క కాదు, ఏదో వెలుగు మచ్చలా ఉందని 1677లో అక్కణ్ణుంచే పట్టుకున్నాడు. ఏడాది మబ్బు భరించినవాడి ముందు మాది ఒక రాత్రి. ఒంటిగంటన్నరకి దోమలే గెలిచాయి, వెళ్ళి పడుకున్నాం.

శుక్రవారం, శాలిహుండం, ఆ రాత్రి వంశధార మొగ

పొద్దున్న లేచి చూస్తే ఆకాశం కడిగినట్టుంది. మధ్యాహ్నం దాకా ఏం చెయ్యాలి? శాలిహుండం దగ్గరే. వంశధార పక్కన చిన్న కొండ, మెట్లెక్కితే ఇటుక స్తూపాల పునాదులు, చైత్యాలు, చిన్న మ్యూజియంలో తార, మారీచి విగ్రహాలు. క్రీస్తుకి ముందు మొదలై వందల ఏళ్ళపాటు బౌద్ధ భిక్షువులున్న చోటు. దీన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు, వాడుకభాష గిడుగే. ఎండ మాడ్చేస్తోంది, కొండమీద మేము తప్ప ఒక కాపలా మనిషి, రెండు మేకలు.

పైనుంచి చూస్తే నది సముద్రంలో కలిసే వైపు తెల్లగా ఇసుక మెరుస్తుంది. అక్కడ నిలబడి ఫోనులో లెక్క వేసుకుంటే ఒక సంగతి తట్టింది, ఆ తర్వాత రోజంతా దాని మీదే ఉన్నాను. భూమి అక్షం నెమ్మదిగా తిరుగుతుంటుంది కదా, ఒక చుట్టుకి సుమారు 26,000 ఏళ్ళు. దానివల్ల ఆకాశంలో ఈ భాగం శతాబ్దాలుగా దక్షిణానికి జారిపోతోంది. పద్దెనిమిది, పందొమ్మిది వందల ఏళ్ళ కిందట ఒమేగా సెంటారీ ఇప్పటికంటే పది డిగ్రీలు ఉత్తరంగా ఉండేది. అంటే ఈ మెట్ల మీద రాత్రిపూట కూర్చున్న భిక్షువుకి అది 34 డిగ్రీల ఎత్తులో, ఆవిరి పొరలకి బాగా పైన, హాయిగా కనబడేది. అలెగ్జాండ్రియాలో టాలెమీ దాన్ని పట్టీలో రాసుకున్నది కూడా ఆ రోజుల్లోనే, ఇప్పుడు ఆ ఊళ్ళో అది పదకొండు డిగ్రీలే లేస్తుంది, అప్పుడైతే ఇరవై దాటేది. మేనకోడలితో అంటే, "అయితే ఇంకా లేటైతే మనకీ కనబడదా?" అంది. ఇంకొన్ని వేల ఏళ్ళకి ఇంకా కిందికి దిగుతుంది గానీ మన తీరంలో అసలు కనబడకుండా మాత్రం పోదు. మన హడావిడికి ఢోకా లేదు.

సాయంత్రం ఆ ఇంటి పెద్దాయన్ని అడిగితే చీకటి చోటు ఆయనే చెప్పారు. ఊరు దాటి, సరుగుడు తోట పక్క నుంచి, మొగ వైపు ఇసుక దిబ్బ. కారు తోట దగ్గరే ఆపేసి గొట్టం బావ, దిమ్మ నేను మోశాం. ఇసుకలో ఆ పావు కిలోమీటరు నడక నడుములకి బాగా తెలిసింది. ప్లైవుడ్ చెక్క పరిచి, దాని మీద దిమ్మ, దిమ్మలో గొట్టం, అద్దాలు సరి చూసుకుని, గొట్టం మూతికి తువ్వాలు కప్పి కూర్చున్నాం. అద్దం బయటి గాలి చల్లదనానికి వచ్చేదాకా ఏం చూసినా అలికినట్టుంటుంది, కనీసం ముప్పావుగంట ఆగాలి.

పదకొండున్నరకి త్రిశంకుడు నిటారుగా నిలబడ్డం మొదలెట్టాడు. నాలుగు చుక్కల శిలువ, తల మీదది పదిహేను డిగ్రీల దగ్గర, పాదం ఎనిమిదిన్నర దగ్గర. అంత కిందికి చూస్తే నెత్తి మీదికంటే ఆరు రెట్లు పైగా గాలి మధ్యలో ఉంటుంది, అందుకే పాదం చుక్క అసలు నీలం అయినా మాకు పసుపు తిరిగి, వణుకుతూ కనిపించింది. దాని ఎడమన ఇంకా కిందగా ఆల్ఫా, బీటా సెంటారీలు. ఆల్ఫా మనకి అతి దగ్గరి నక్షత్ర కుటుంబం, నాలుగు కాంతి సంవత్సరాల పైచిలుకు దూరం. ఇవన్నీ హైదరాబాదులో భవనాల వెనక ఉండిపోయేవి. ఇక్కడ నేరుగా నీళ్ళ మీద.

ఒమేగా సెంటారీని పట్టుకోవడానికి పుస్తకాల్లో చెప్పే దారి బీటా నుంచి ఎప్సిలాన్ సెంటారీకి గీత గీసి అంతే దూరం పొడిగించడం. దానికంటే మనవాళ్ళకి తేలిక దారి ఒకటుంది, పంచాంగం చూసే ఎవరికైనా తెలిసిన చిత్త నక్షత్రం. హస్త ఐదు చుక్కల పక్కనే తెల్లగా మెరుస్తుంది. చిత్త, ఒమేగా సెంటారీ రెండూ ఆకాశంలో దాదాపు ఒకే నిలువు గీత మీదుంటాయి, రెండూ ఒకేసారి దక్షిణ మధ్యానికి వస్తాయి. చిత్త నుంచి నిట్టనిలువుగా కిందికి మూడున్నర పిడికిళ్ళు దిగితే మసక చుక్క తగులుతుంది, అంతే. మార్చి చివర్లో ఆ ముహూర్తం రాత్రి ఒంటిగంటకి.

మేనకోడలు బైనాక్యులర్ లేకుండానే పట్టేసింది. "అదిగో, కళ్ళజోడు లేకుండా చూసిన చుక్కలా ఉంది" అంది. చుట్టూ ఉన్న చుక్కలు సూదిమొనల్లా ఉంటే ఇది ఒక్కటే మెత్తగా, అంచు లేకుండా. బైనాక్యులర్లో గుండ్రం తెలిసింది, నిండు చందమామలో సగం పైన ఉంటుంది వెడల్పు, మధ్యలో వెలుగెక్కువ. నేను గొట్టం తిప్పి 25 మిల్లీమీటర్ల కంటి కటకం పెట్టాను, 48 రెట్లు. ముందు వెలుగు ముద్ద. పది సెకన్లు, ఇరవై సెకన్లు, గాలి నిలకడ పడిన క్షణంలో ఒక్కసారిగా ఆ ముద్ద అంతా చుక్కలుగా విడిపోయింది. అంచుల నుంచి మధ్య దాకా, మధ్యలో కూడా. 120 రెట్లకి మార్చాను. కంటి ముందున్న గుండ్రటి కిటికీ నిండా చుక్కలే, ఎక్కడ ఆపి లెక్కపెట్టాలో తెలియదు. కొంచెం పక్కచూపుతో చూస్తే వెనక ఇంకో పొర, దాని వెనక ఇంకో పొర. పైకి కనిపించేవన్నీ ఎర్ర దిగ్గజాలు, అంటే ముసలితనంలో ఉబ్బి వెలుగెక్కిన నక్షత్రాలు, మన సూర్యుడిలాంటివి అక్కడ లక్షల్లో ఉన్నా ఈ గొట్టానికి అందవు.

మేనకోడలు స్టూలెక్కి చూస్తూ, "మావయ్యా, ఇది పారిపోతోంది!" అని అరిచింది. పారిపోతున్నది భూమి మీదున్న మేము. నా గొట్టానికి మోటారు లేదు, చేత్తో తొయ్యాలి, 120 రెట్ల దగ్గర ఒక అంచు నుంచి ఇంకో అంచుకి రెండున్నర నిమిషాల్లో దాటిపోతుంది. అది తోస్తూ, వెతుక్కుంటూ, మళ్ళీ పట్టుకుంటూ అరగంట ఎవరికీ వదల్లేదు. మొత్తం ఎన్నుంటాయి అని అడిగింది. కోటి దాకా అంటారు. మన పాలపుంతలో ఇలాంటి గోళాకార గుచ్ఛాలు నూటయాభై పైన ఉన్నాయి, వాటన్నిటిలో పెద్దది ఇదే. అడ్డంగా 150 కాంతి సంవత్సరాలు. మధ్యలో ఒక నక్షత్రానికీ ఇంకో నక్షత్రానికీ దూరం కాంతి సంవత్సరంలో పదోవంతు పాటి, మనకి పక్కింటి నక్షత్రమే నాలుగు కాంతి సంవత్సరాలు. అక్కడే గ్రహం మీదైనా పిల్లలుంటే వాళ్ళకి చీకటి అంటే ఏంటో తెలియదు, టెలిస్కోపు కొనే ఖర్చూ ఉండదు.

అప్పుడొచ్చారు పెద్దాయన, చుట్ట ఆర్పేసి, మా అలికిడి విని.

"ఏటి బాబూ, ఒంటిగంట దాటిపోనాది, ఈ గొట్టంలోంచి ఏటి సూత్తన్నారు?"

"రండి తాతా, మీరూ చూడండి" అని మేనకోడలు స్టూలు జరిపింది. ఆయన ఒక కన్ను మూయడం రాక చేత్తో కప్పుకుని వంగారు. చాలాసేపు మాట్లాడలేదు.

"నౌపడ కొటార్లో ఉప్పు ఒంపేసినట్టుంది."

ఇంతకంటే బాగా నేనెప్పుడూ రాసుకోలేదు. తర్వాత ఆయన కింద కూచుని తెప్ప మీద వేటకెళ్ళిన రోజులు చెప్పారు. ఒడ్డు లైట్లు కనబడనంత లోపలికి పోతే తిరిగి రావడానికి చుక్కలే, ముసలమ్మ మంచం, అంటే సప్తర్షి మండలం, ఏ మూలుందో చూసుకుని ఒడ్డు అటని తెలుసుకునేవారట, పిల్లలకోడి, అంటే కృత్తికలు, పొడిస్తే ఒక వేళ, వేగుచుక్క పొడిస్తే ఒక వేళ. "మా గుంటలకి ఇప్పుడివేవీ తెల్దు బాబూ, జేబులో జీపీఎస్సుంది" అన్నారు, ఫిర్యాదుగా ఏం కాదు, ఉన్నమాటగా. మరి ఈ మసక చుక్క? ఎప్పుడూ చూళ్ళేదన్నారు, దక్షిణం వైపు చూసే పని వాళ్ళకేముంది, ఒడ్డు ఉండేది వాయవ్యాన.

బావ అప్పటిదాకా తువ్వాలు పరుచుకుని పడుకున్నవాడు లేచొచ్చి చూశాడు. "ఎంత దూరం ఇది?" పదిహేడు వేల కాంతి సంవత్సరాల పైన. అంటే ఇప్పుడు కంట్లో పడే వెలుతురు బయల్దేరినప్పుడు భూమ్మీద మంచుయుగం, నీళ్ళు మంచుకొండల్లో చిక్కుకుని సముద్రం ఇప్పటికంటే వంద మీటర్ల దాకా కిందికి ఉండేది. మేము నిలబడ్డ ఈ దిబ్బ అప్పుడు తీరమే కాదు, సముద్రం ఎక్కడో అటు లోపలుంది, వంశధార ఇంకా చాలా దూరం పారితే గానీ దానికి అందేది కాదు. బావ సముద్రం వైపు చూసి, "మరి ఈ నీళ్ళన్నీ వెలుతురు దార్లో ఉండగానే వచ్చేశాయన్నమాట" అన్నాడు. నక్షత్రాల మీద ఆసక్తి లేని మనిషి.

రెండు దాటాక తేమ దిగింది. గొట్టం మీద చెయ్యి పెడితే తడి, ఆ తడి నాలిక్కి ఉప్పగా. కంటి కటకాలు జేబులో పెట్టుకుని వెచ్చబెడుతూ మార్చుకుంటూ ఇంకాసేపు లాగించాం. సర్దుకునే ముందు నాలుగున్నర డిగ్రీలు పైకెత్తి సెంటారస్ ఎ గెలాక్సీ కూడా వెతికాను, మసక ఉండ మధ్య అడ్డంగా నల్లటి పట్టీ, ఉందంటే ఉంది లేదంటే లేదు. ఒమేగాని చూసిన కళ్ళకి అది ఆనలేదు.

శనివారం, బారువ

పది దాకా నిద్రపోయి, టెక్కలి, పలాస మీదుగా ఉత్తరానికి. పలాసలో జీడిపిక్కలు కాల్చే వాసన కారు అద్దాలు ఎక్కించినా వస్తుంది. అక్కణ్ణుంచి మందస వెళ్ళి కోవా తిన్నాం, అక్కకి అరకిలో కట్టించాం, అలిగితే పనికొస్తుందని. వెనక మహేంద్రగిరి వేడి పొగలో నీడలా ఉంది. ఉద్దానం కొబ్బరితోటల్లో నీడ మాత్రం ఎంత ఎండలోనైనా చల్లగానే ఉంటుంది.

దార్లో మేనకోడలు రాత్రి దాని గురించే ప్రశ్నలు. అందులో ఒకటి బాగా అడిగింది, అన్ని నక్షత్రాలు ఒకేచోటకి ఎలా వచ్చాయని. మామూలు గోళాకార గుచ్ఛాల్లో నక్షత్రాలన్నీ ఇంచుమించు ఒకే వయసువి, ఒకే సరుకుతో తయారైనవి. ఒమేగా సెంటారీలో అలా కాదు, రకరకాల తరాలవాళ్ళు ఉన్నారు, పెద్దవాళ్ళకి 1200 కోట్ల ఏళ్ళు దాకా. అందుకే అది గుచ్ఛం కాదు, పాలపుంత ఎప్పుడో మింగేసిన ఒక చిన్న గెలాక్సీ నడిబొడ్డు మిగిలిపోయిందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. గెలాక్సీ అయితే మధ్యలో నల్లబిలం (బ్లాక్ హోల్) ఉండాలిగా అని చాలాకాలం వెతికారు, వాదించుకున్నారు. 2024లో హబుల్ టెలిస్కోపు ఇరవై ఏళ్ళపాటు తీసిన ఐదు వందలకు పైగా ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే నడిమధ్యలో ఏడు నక్షత్రాలు ఉండాల్సినదానికంటే చాలా వేగంగా పరిగెడుతున్నాయి, అంత వేగానికి ఎప్పుడో బయటికి ఎగిరిపోవాలి, పోలేదంటే ఏదో పట్టుకునుంది. కనీసం 8,200 సూర్యుళ్ళ బరువున్న నల్లబిలం ఉండాలని లెక్క తేల్చారు. రాత్రి నువ్వు చూసిన ఉప్పులో మధ్యలో అది ఉందన్నమాట అన్నాను. "ముందే చెప్పొచ్చు కదా" అంది, నిష్ఠూరంగా. చెబితే నల్లగా ఏదో కనబడుతుందేమోనని అదే వెతికేది.

బారువలో మాకు ఇంకో పని కూడా ఉంది. చలికాలం నుంచి ఈ తీరమంతా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, అటవీశాఖ వాళ్ళు, వలంటీర్లు గుడ్లు ఏరి కంచె కట్టిన ఇసుకలో పాతిపెడతారు. ఒక గూటిలో వంద పైనే ఉంటాయి, పొదగడానికి ఏడు వారాలు అటూఇటూ, ఇసుక వేడెక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. పిల్లలు బయటికొచ్చాక వెలుతురెక్కడుందో అటు పాకుతాయి. మనుషులు లేని కాలంలో అది సముద్రమే, రాత్రి నీళ్ళ మీదే వెలుగెక్కువ. ఇప్పుడు వీధిలైటు వైపు పాకి రోడ్డు మీద చచ్చిపోతున్నాయి. అక్కడున్న కుర్రాడు మా టార్చి అడిగి చూశాడు, ఎర్ర కాగితం కనబడేసరికి మొహం విప్పారింది. "మీరూ ఎర్రలైటే వాడతారా సార్?" వాడతాం తమ్ముడూ, మాకు మా కళ్ళ కోసం, మీకు తాబేళ్ళ కోసం. తీరంలో పెద్ద స్తంభాల లైట్లు వేసేవాళ్ళకి మా మాట వినబడకపోయినా వాటి మాటైనా వినబడితే బాగుండు. దీపం నేల మీదికి వంచి, రాత్రి పదకొండు తర్వాత కట్టేస్తే ఎవరికీ పోయేదేం లేదు.

రాత్రి కంచెకి బాగా ఎడంగా టెలిస్కోపు పెట్టుకున్నాం. కళింగపట్నం కంటే బారువ అర డిగ్రీ ఉత్తరం, ఒమేగా అంతమేరా కిందికుంటుంది, కంటికేం తేడా తెలియదు. తేడా అంతా పడవల్లో ఉంది, దక్షిణాన వేట పడవల లైట్లు దిగంతం పొడుగునా వరసకట్టాయి, త్రిశంకుడి పాదం ఏదో, పడవ ఏదో కాసేపు వెతుక్కోవలసొచ్చింది. అయినా ఒంటిగంటకి గుచ్ఛం మళ్ళీ విడిపోయింది, నిన్నటంత కాదు, బాగానే. మేనకోడలు ఈసారి నోట్‌బుక్ తెచ్చుకుని బొమ్మ గీసింది. చుక్కలు పెట్టీ పెట్టీ పెన్సిల్ మొన అరిగింది. బొమ్మలో గుచ్ఛం నిండు గుండ్రంగా కాక కొంచెం అడ్డంగా సాగినట్టొచ్చింది, సరిచెయ్యబోయింది, వద్దన్నాను, అది నిజంగానే కొంచెం నొక్కినట్టుంటుంది, తన చుట్టూ తను తిరుగుతుంది కాబట్టి.

ఆదివారం, తిరుగుదారి

తెల్లవారకముందే కంచె దగ్గర తాబేలు పిల్లల్ని బుట్టల్లో తెచ్చి తడి ఇసుక మీద వదిలారు. అరచేతిలో సగం కూడా లేవు. ఒక్కొక్కటి ఆగి, తల తిప్పి, మళ్ళీ పాకి, అల వచ్చి వెనక్కి విసిరేస్తే మళ్ళీ మొదటికొచ్చి. మేనకోడలు కదల్నంటే కదలనంది, చివరి పిల్ల నీళ్ళలోకి పోయేసరికి ఆరున్నర. తొమ్మిదికి విజయనగరం అన్నది అప్పుడే అయిపోయింది.

కోటబొమ్మాళి దగ్గర రోడ్డు పక్క వేపచెట్టెక్కి బావ పువ్వు కోశాడు. ఇంటికి చేరేసరికి పది దాటింది. కోవా పొట్లం ముందు ఇచ్చాం, పువ్వు తర్వాత ఇచ్చాం, తిట్లు తిన్నాం, పచ్చడి తిన్నాం.

మధ్యాహ్నం టెలిస్కోపు విప్పితే అద్దం మీద సన్నటి ఉప్పు పొర. దీన్ని గుడ్డతో తుడవకూడదు, అల్యూమినియం పూత గీరుకుపోతుంది, అలాగని వదిలేస్తే నెలల్లో తినేస్తుంది. టబ్బులో నీళ్ళు పోసి అద్దాన్ని ముంచి, రెండు చుక్కల సబ్బు వేసి, తాకీ తాకకుండా దూదితో పైపైన లాగి, చివర్లో డిస్టిల్డ్ వాటర్ పోసి నిలబెట్టి ఆరనివ్వాలి. ఇన్వర్టర్ బ్యాటరీకి తెచ్చిన నీళ్ళ డబ్బా నేను ఎత్తుకుపోయానని అక్కకి ఇంకో కోపం.

చూడాలనుకునేవాళ్ళకి: ఏప్రిల్ మధ్యలో ఒమేగా సెంటారీ అర్ధరాత్రికి, మే మధ్యలో రాత్రి పదింటికి దక్షిణాన తన పూర్తి ఎత్తు అందుకుంటుంది, జూన్‌లో చీకటి పడగానే పైనే ఉంటుంది గానీ అప్పటికి మబ్బులు దిగుతాయి. మే వేడికి సముద్రం మీద మసక ఎక్కువ కాబట్టి నన్నడిగితే మార్చి, ఏప్రిల్ రాత్రులే మేలు, నిద్ర చెడినా సరే. టెలిస్కోపు లేదని ఆగొద్దు, పెళ్ళికీ పేరంటానికీ ఇచ్చిపుచ్చుకునే ఊళ్ళే తీరమంతా, ఎవరో ఒకరి అరుగు దొరుకుతుంది, 10×50 బైనాక్యులర్ ఒకటి చాలు. విజయనగరం వాళ్ళకైతే చింతపల్లి బీచ్ ఇంకా దగ్గర, మే అమావాస్యకి మేము అక్కడే. బావ ఇప్పటికే అక్కడ కోనాం చేప ఎవరు బాగా వండుతారో వాకబు చేస్తున్నాడు.